అన్ని చెట్లకీ పనిచేసే మందు ఒక్కటి చెప్పండి అంటే... ముందు ఆకు తిప్పి చూడండి

మీరు రాసింది మొత్తం చదివానండి. ఉప్పల్ దగ్గర సొంతిల్లు, గేటుకి అటూ ఇటూ అందానికని కుండీల్లో రెండు చైనా ఆరెంజ్ మొక్కలు, ప్రహరీ గోడ పక్కన నేలలో ఒక దానిమ్మ, ఒక జామ. ఆరెంజ్ లేత ఆకుల మీద వెండి గీతలు పడి ముడుచుకుపోతున్నాయి, కొమ్మల సందుల్లో పత్తి అంటించినట్టు తెల్లగా ఉంది, కింది ఆకులకి మసి పట్టింది. దానిమ్మ కాయకి బెజ్జం పడి కుళ్ళిపోతోంది, జామకాయ కోస్తే లోపల పురుగులు. మందుల షాపాయన ఏదో సీసా ఇచ్చి పదిహేను రోజులకోసారి అన్నిటికీ కొట్టమన్నాడు, మూడుసార్లు కొట్టారు, తగ్గలేదు సరికదా ఆ తెల్లది ఇంకా ఎక్కువైంది. అన్నిటికీ పనిచేసే మందు ఒక్కటి చెప్పమంటున్నారు.

అలాంటి మందు లేదండి. ఉంటే నేనే కొనేవాణ్ణి, కడియం వైపు నర్సరీల్లో ఇరవై ఏళ్ళ పైనే పనిచేశా, ఇప్పుడు పిల్లల దగ్గర హైదరాబాద్‌లో ఉంటూ మేడ మీద నలభై కుండీలు పెంచుకుంటున్నా. మీ నాలుగు చెట్ల మీద, మీరు చెప్పినదాన్ని బట్టే, కనీసం నాలుగైదు రకాల పురుగులు ఉన్నాయి, ఒకటి ఆకు పొరలోపల ఉంటుంది, ఒకటి రసం పీలుస్తుంది, ఒకటి కాయలోపల కూర్చుంటుంది, ఒకటి కాయలో పుట్టి మట్టిలోకి పోతుంది. అందరికీ ఒకే మందు ఎలా తగులుతుంది చెప్పండి. మందు పేరు తర్వాత, తింటున్నది ఎవరో ముందు తేలాలి.

తేల్చుకోవడం పెద్ద విద్యేం కాదు. పొద్దున్నే ఎండ ఎక్కకముందు కాఫీ గ్లాసు పట్టుకుని చెట్టు దగ్గరికెళ్ళండి. ఆకు పైన కాదు, తిప్పి అడుగు చూడండి, ఎందుకంటే ఎక్కువ పురుగులు ఎండకీ మన కంటికీ దొరక్కుండా అక్కడే ఉంటాయి. ఆకు అంచులు కొరికేసి ఉంటే నమిలే పురుగు, గొంగళి అయినా పెంకు పురుగు అయినా. ఆకు ఉన్నంతా ఉండి ముడత పడటం, పాలిపోవడం, జిగురు కారడం ఉంటే రసం పీల్చే పురుగు. ఒక తెల్ల కాగితం కింద పెట్టి కొమ్మని రెండుసార్లు తట్టండి, కాగితం మీద సన్నగా పొడుగ్గా పాకేవి తామర పురుగులు, ఆవగింజలో పావు వంతు ఉండి మెల్లగా నడిచే చుక్కలు నల్లి. అసలు నల్లి పురుగు జాతే కాదు, దానికి ఎనిమిది కాళ్ళు, అందుకే పురుగుల మందుల్లో చాలా వాటికి అది లొంగదు. ఇంకోటి, చీమలు. చీమలు బారు కట్టి చెట్టెక్కుతుంటే ఆ బారు వెంట చూపు పోనివ్వండి, చివర్న మీ దొంగ దొరుకుతాడు.

ముందు ఆరెంజ్ సంగతి. వెండి గీతలు, పాము పాకినట్టు వంకరటింకరగా, ఆ గీత మధ్యలో సన్నటి నల్ల దారంలా ఒకటి కనిపిస్తుంది, అది దాని పెంట. ఇది ఆకు తొలిచే పురుగు, పాముపొడ అని కూడా అంటారు. మిల్లీమీటర్ల సైజు చిమ్మెట ఒకటి రాత్రిపూట లేత ఆకు మీద గుడ్డు పెడితే పిల్ల పురుగు ఆకు పై పొరకీ లోపలి కండకీ మధ్యలో దూరి తింటూ పోతుంది, చివరికి ఆకు అంచు మడిచి అందులో గూడు కట్టుకుంటుంది. మీరు కొట్టిన మందు ఆకు పైన పడింది, అదేమో దుప్పట్లో పడుకున్నట్టు పొర కింద ఉంది. అందుకే తగల్లేదు.

ఇందులో మంచి విషయం ఏంటంటే ఇది లేత ఆకుకే వస్తుంది, ఆకు ముదిరి గట్టిపడితే దాని జోలికి రాదు. కాబట్టి ఇప్పటికే ముడుచుకున్న ఆకుల మీద మందు కొట్టడం దండగ, వాటిని కత్తిరించి పారేయడం కూడా అక్కర్లేదు, గీతలు పడినా ఆ ఆకు చెట్టుకి ఇంకా అన్నం వండి పెడుతూనే ఉంటుంది. కత్తిరిస్తే మళ్ళీ కొత్త చిగురు తోస్తుంది, మళ్ళీ అదే పురుగుకి విందు. చిగురు అంగుళం పొడుగు ఉన్నప్పుడు ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి వేపనూనె ద్రావణం ఆకు రెండు వైపులా తడిసేలా కొట్టండి, అంతకన్నా వద్దు. మీరు పూలకోసం నెలకోసారి గుప్పెడు యూరియా వేస్తున్నా అని రాశారు చూశారా, అది ఆపేయండి ముందు. యూరియా పడేకొద్దీ లేత చిగురు వస్తూనే ఉంటుంది, పాముపొడకీ పేనుబంకకీ, మీరు పత్తి అంటున్న పిండినల్లికీ అందరికీ కావాల్సింది అదే. నిమ్మజాతి చెట్లకి ఈ గీతల గాయాల్లోంచి గజ్జి తెగులు కూడా దూరుతుంది, గోధుమ రంగు బొబ్బల్లాంటి మచ్చలు చుట్టూ పసుపు వలయం కనబడితే అది పురుగు కాదు, తెగులు, దానికి వేరే వైద్యం.

అదే చెట్టు మీద ఆకుపైన పక్షి రెట్ట లాంటిది కనిపిస్తే దులిపేసి వెళ్ళిపోకండి, కాసేపు చూడండి, కదులుతుంది. నిమ్మ సీతాకోకచిలుక పిల్ల అది. చిన్నప్పుడు అలా రెట్టలా నటిస్తుంది, పెద్దయ్యాక పచ్చగా వేలంత అయ్యి రెండు రోజుల్లో చిన్న కుండీ మొక్కని ఈనెలు మిగిల్చి తినేయగలదు. ముట్టుకుంటే తల వెనక నుంచి మెత్తటి రెండు కొమ్ములు బయటికి చాపి ఘాటు వాసన వదులుతుంది, భయపడకండి, కుట్టదు కరవదు. చేత్తో ఏరేస్తే చాలు, దీనికి మందెందుకు. మా ఆవిడ వాటిని ఏరి పెరట్లో పెద్ద కరివేపాకు చెట్టు మీద వదిలేస్తుంది, అది కూడా వాటికి ఇష్టమైన తిండే, సీతాకోకచిలుకలు ఎగిరితే మనవరాలికి సరదా. కరివేపాకు పచ్చడికి తక్కువైన రోజు నాకు సరదా ఉండదు, అది వేరే సంగతి.

ఇక ఆ తెల్ల పత్తి, మసి. ఈ రెండూ వేరు వేరు రోగాలు అనుకుంటున్నారు మీరు, ఒకటేనండి. పత్తిలాంటిది పిండినల్లి, పేరులో నల్లి ఉన్నా ఇది ఇందాక చెప్పిన ఎనిమిది కాళ్ళ నల్లి కాదు, రసం పీల్చే పురుగే. అది రసం పీల్చి పీల్చి ఎక్కువైన తీపిని వెనక నుంచి జిగురుగా వదులుతుంది, ఆ జిగురు కింది ఆకుల మీద పడితే దానిమీద నల్ల బూజు పెరుగుతుంది, అదే మీరు చూసిన మసి. ఆ తీపి కోసమే చీమలు వస్తాయి, ఊరికే తాగి పోవు, పిండినల్లిని మన ఆవుల్లా కాస్తాయి, దాన్ని తినడానికి వచ్చిన పురుగుల్ని తరిమేస్తాయి. కాబట్టి చీమల్ని ఆపకుండా పిండినల్లికి ఎన్ని కొట్టినా నెలకి మళ్ళీ మొదటికే వస్తుంది.

మందు కొట్టాక తెల్లది ఎందుకు పెరిగిందో చెప్తా, ఇది నేను చేసిన తప్పే. నర్సరీలో చేరిన కొత్తలో మందార కుండీల మీద పిండినల్లి విపరీతంగా పట్టింది, వాటి మధ్యలో ఇంకా పెద్దవి, ఒళ్ళంతా తెల్లటి మైనం పోగులు వేలాడుతూ, చకచకా తిరుగుతున్నవి కొన్ని కనబడ్డాయి, ఇవి వీటి అమ్మలు అనుకుని గోరుతో నలిపి నలిపి చంపా, మిగతా వాటికి మందు కొట్టా. మేస్త్రి చూసి నెత్తి కొట్టుకున్నాడు. అవి అక్షింతల పురుగుల్లో ఒక రకం పిల్లలంట, పిండినల్లిని తిని బతికేవి, తినేదాని వేషమే వేసుకుని దాని మధ్యలో తిరుగుతాయి. ఆస్ట్రేలియా నుంచి 1898లోనే మన దేశానికి తెచ్చిన పురుగు, పేరు క్రిప్టోలేమస్, పెద్దయ్యాక ముదురు రంగు రెక్కలు, నారింజ రంగు తల. తేడా గుర్తుపట్టడం తేలికే, పిండినల్లి దాదాపు కదలదు, ముట్టుకుంటే బద్ధకంగా జరుగుతుంది, ఇది పరిగెడుతుంది. మందు కొడితే మైనం కప్పుకున్న పిండినల్లిలో సగం బతుకుతాయి, దాన్ని తినే ఈ పురుగులు మాత్రం అన్నీ చస్తాయి. మీ ఇంట్లో జరిగింది కూడా అదే అయ్యుంటుంది, నాకు ఎక్కువ అనుమానం దానిమీదే.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 2008లో బొప్పాయి పిండినల్లి కోయంబత్తూరు వైపు మొదట కనబడింది, తర్వాత దక్షిణాది అంతా పాకింది, బొప్పాయి, మల్బరీ, మందార దేన్నీ వదల్లేదు, రైతులు ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. 2010లో బెంగళూరులో పంటల పురుగుల మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ వాళ్ళు ప్యూర్టోరికో నుంచి దాని శత్రువులు, చీమ తలకాయంత కూడా లేని కందిరీగలు తెప్పించి వదిలితే అప్పుడు అణిగింది. మా వైపు బొప్పాయి చెట్లు మళ్ళీ తెల్లబడకుండా కాయడం నేను కళ్ళారా చూశా.

ఇంట్లో చేయాల్సింది ఇదీ. నీళ్ళ పైపు కొనని వేలితో నొక్కి గట్టిగా ధార పెట్టి కొమ్మ సందులన్నీ కడిగేయండి, సగం అక్కడే పోతాయి, కిందపడ్డవి కుండీ మట్టిలో ఉండిపోకుండా పాలిథిన్ పరిచి కడగండి. మిగిలిన గడ్డల్ని పాత టూత్ బ్రష్‌తో సబ్బు నీళ్ళు ముంచి రుద్దండి, రెండు కుండీలే కాబట్టి అరగంట పని. తర్వాత వేపనూనె. వారానికోసారి మూడు వారాలు, ఎందుకంటే గుడ్ల సంచిలో ఉన్నవి ఒకేరోజు బయటికి రావు. మసికి చిక్కగా లేని గంజి చల్లి ఎండనివ్వండి, పొర ఎండి పెళుసై మసితో సహా ఊడి వస్తుంది, దీనికి రూపాయి ఖర్చు లేదు. చీమలకి, కుండీని ఇటుకల మీద పెట్టి ఆ ఇటుకల్ని నీళ్ళ ప్లేట్లో ఉంచండి, దోమలు పెట్టకుండా రెండు రోజులకోసారి నీళ్ళు మార్చండి. జామకి దానిమ్మకి మొదలు చుట్టూ జానెడు వెడల్పు పాలిథిన్ టేపు బిగించి టేపు మీద గ్రీజు రాయండి, బెరడు మీద నేరుగా రాయకూడదు, కాండం పాడవుద్ది. కొమ్మ ఏదైనా గోడకి ఆనుతుంటే కత్తిరించండి, లేకపోతే చీమలు గ్రీజు దాకా రావు, గోడమీంచి వంతెన వేసుకుంటాయి.

జామ మీద తెల్లగా ఉంటే అది కూడా పిండినల్లే అనుకోకండి. ఆకు అడుగున తెల్లటి మైనపు గీతలు గుండ్రంగా సుడి తిరిగినట్టు, వేలిముద్రలా ఉన్నాయేమో చూడండి, ఉంటే అది సర్పిలాకార తెల్లదోమ. 2016లో పొల్లాచి కొబ్బరి తోటల్లో బయటపడి మా గోదావరి జిల్లాల కొబ్బరికి వచ్చింది, అక్కడి నుంచి జామ, అరటి, సీతాఫలం అన్నిటిమీదా వాలింది. మామూలు తెల్లదోమకన్నా బాగా పెద్దది, ఆకు కదిపితే పొడి చల్లినట్టు లేస్తుంది. దీనికి కూడా నీళ్ళ ధార, వేపనూనె, పసుపు రంగు జిగురు అట్టలు రెండు. ఆకు అడుగున పిల్ల దోమల్లో కొన్ని నల్లగా మాడినట్టు కనబడితే సంతోషించండి, వాటి కడుపులో ఎన్‌కార్సియా అనే కందిరీగ పిల్ల పెరుగుతోందని అర్థం, ఆ ఆకులు కోసి పారేయకండి.

జామకాయలో పురుగు వేరే కథ. కాళ్ళు లేకుండా తెల్లగా బియ్యపు గింజలా ఉండి, ప్లేట్లో వేస్తే ఎగిరి గెంతుతున్నాయా, అయితే పండు ఈగ. ఈగ పండబోయే కాయ తొక్క కింద సూదితో గుచ్చినట్టు గుడ్లు పెడుతుంది, పైకి చిన్న చుక్క తప్ప ఏం కనబడదు. లోపల తిని పండు రాలాక పురుగు మట్టిలోకి దిగి కోశం అయ్యి మళ్ళీ ఈగై లేస్తుంది. అంటే కిందపడ్డ పళ్ళని మీరు చెట్టు మొదట్లోనే ఎరువు అవుతుందని వదిలేస్తే (వదిలేస్తున్నా అని రాశారు) మీరే పెంచుతున్నట్టు లెక్క. రాలినవి ఏ రోజువి ఆ రోజు ఏరి నల్ల కవర్లో మూతి బిగించి నాలుగైదు రోజులు ఎండలో పడేయండి, ఉడికి చస్తాయి, లేదా రెండడుగుల లోతు గొయ్యిలో పూడ్చండి. పైపైన మట్టి కప్పితే లాభం లేదు. చెట్టు కింద మట్టిని పది రోజులకోసారి మూడు నాలుగు అంగుళాలు తిరగేయండి, కోశాలు బయటపడితే ఎండకి పోతాయి, కోళ్ళుంటే ఇంకా మంచిది.

మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు అమ్ముతారు, ఒకటి కట్టండి, కానీ దానికి పడేవి మగ ఈగలే, గుడ్లు పెట్టేది ఆడది, కాబట్టి బుట్ట నిండా ఈగలు పడ్డాయని కాయలు దక్కాయనుకోవద్దు. నిజంగా కాయ దక్కేది సంచి కడితేనే. కాయ ఇంకా గట్టిగా పచ్చగా నిమ్మకాయంత ఉన్నప్పుడే పల్చటి గుడ్డ సంచో పేపర్ కవరో తొడిగి కాడ దగ్గర కట్టేయండి, రంగు తిరిగాక కడితే గుడ్లని లోపల పెట్టి కాపలా కాసినట్టే. వానాకాలం కాయకి ఈ బాధ ఎక్కువ, చలికాలం కాయకి తక్కువ, ఇంటికి ఒక్క చెట్టే కాబట్టి నేనైతే వానాకాలం పిందెలు చాలావరకు తుంచేసి చలికాలం కాపు మీద ఆశపెట్టుకుంటా.

దానిమ్మ. బెజ్జం గుండ్రంగా ఉండి, చుట్టూ పురుగు పెంట అంటుకుని, కంపు కొడుతుంటే అది దానిమ్మ సీతాకోకచిలుక పిల్ల, కాయతొలుచు పురుగు. పువ్వు మీదో, పిందె కిరీటం దగ్గరో ఒక్కో గుడ్డు పెడుతుంది, పురుగు లోపలికి దూరి గింజలు తింటూ తన వెనక భాగంతోనే బెజ్జాన్ని మూసుకుని కూర్చుంటుంది, తలుపు వేసుకున్నట్టు. ఇంక మందు ఎక్కడ తగులుతుంది. కాబట్టి ఆ కాయలు కోసి నాశనం చేయడమే, మిగిలిన వాటికి పిందె పట్టి నిమ్మకాయ సైజు దాటకముందే బటర్ పేపర్ సంచి కట్టడమే. పిందె నిలిచాక కిరీటంలో ఎండిన కేసరాలు కత్తెరతో తీసేస్తే గుడ్లకి చోటు తగ్గుతుంది, పది పదిహేను కాయలే కదా, ఓపిక చేసుకోండి. కాకపోతే ఒకటి చూస్కోండి, బెజ్జం లేకుండా కాయ పగిలితే అది పురుగు కాదు, నీళ్ళు ఒకరోజు బోలెడు పోసి వారం మర్చిపోతే అలా పగులుతుంది. కాయ మీద నల్ల మచ్చ మధ్యలో పగులు ఉంటే మచ్చ తెగులు. ఈ రెండిటికీ పురుగుమందు కొట్టేవాళ్ళని చాలామందిని చూశా.

ఆరెంజ్ కాయల తొక్క మొరటుగా తుప్పు రంగు తిరిగితే మంగు నల్లి, తినడానికి కాయకేం కాదు, అందం పోతుందంతే. మీది అందానికి పెట్టిన మొక్క కాబట్టి చెప్తున్నా, నీళ్ళలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు, అది కూడా ఎండలు ముదరకముందే, వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు కొట్టకూడదు, ఆకులు మాడతాయి. జామ కాండం పంగల దగ్గర రంపపు పొట్టు, పెంటగుళికలు కలిపి సాలెగూడులా వేలాడుతుంటే బెరడు తొలిచే పురుగు, గూడు తుడిచేసి బెజ్జంలో సైకిల్ చువ్వ దూర్చి తిప్పి, కిరసనాయిలు చుక్కలు వేసిన దూది పెట్టి బంకమట్టితో మూసేయండి.

వేపనూనె కలపడం అందరూ తప్పు చేస్తారు. లీటరు నీళ్ళకి 5 ఎమ్మెల్ నూనె, కానీ నూనెని నేరుగా నీళ్ళలో పోస్తే పైన తేలి మొదటి సగం ఉత్త నీళ్ళు, చివరి సగం ఉత్త నూనె కొట్టినట్టు అవుద్ది. ముందు చిన్న గిన్నెలో నూనెకి అర చెంచా సబ్బు ద్రావణం కలిపి గోరువెచ్చటి నీళ్ళు కొంచెం పోసి పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టి, అప్పుడు మిగతా నీళ్ళలో పోయండి, అప్పటికప్పుడు వాడేయండి. సాయంత్రం ఎండ దిగాకే. నేను ఒక ఏడు మే నెల పదకొండింటికి ముప్ఫై ఆరెంజ్ కుండీలకి కొట్టి మూడోరోజుకి ఆకులన్నీ రాల్చుకున్నా, ఓనరు ఆ నెల జీతంలో కోశాడు. కుండీలకి ముందురోజు బాగా నీళ్ళు పెట్టి, నాలుగు ఆకుల మీద కొట్టి రెండు రోజులు ఆగి చూసుకుని తర్వాత మొత్తం కొట్టండి. పువ్వు విచ్చుకుని ఉన్నప్పుడు ఏ మందూ వద్దు, తేనెటీగ రాకపోతే దానిమ్మకి పిందె నిలవడం తగ్గుతుంది.

మీ షాపు సీసా సంగతి. లేబుల్ మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది, అందులో సగం రంగు వేసి ఉంటుంది. ఎరుపు అంటే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరసగా తగ్గుతూ వస్తాయి. ఎరుపు, పసుపు ఉన్నవి ఇంటి ఆవరణలో, పిల్లలు తిరిగే చోట, చెయ్యి చాచి కోసుకు తినే చెట్టు మీద వాడకండి, షాపాయన ఎంత నమ్మకంగా చెప్పినా సరే. మోనోక్రోటోఫాస్ కూరగాయల మీద వాడొద్దని 2005లోనే నిషేధించారు, అయినా ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇళ్ళలో గులాబీకి, జామకి కొట్టిన వాళ్ళని నేను ఎరుగుదును. మూడుసార్లు కొట్టారు కాబట్టి, లేబుల్ మీద కోతకి ముందు ఎన్ని రోజులు ఆగాలో రాసి ఉంటుంది, చూసి ఆ గడువు దాటేదాకా జామకాయలు తినకండి, లేబులే చిరిగిపోయి ఉంటే ఈ కాపు వదిలేసుకోండి. మిగిలింది సింకులో పారబోయొద్దు, కుండీలో పోయొద్దు, మూత బిగించి పిల్లలకి అందని చోట పెట్టి మీ మండల వ్యవసాయాధికారినో ఉద్యానాధికారినో అడిగి వాళ్ళు చెప్పినట్టు చేయండి.

ఇవాళ ఏం కొట్టకండి. రేపు పొద్దున ఆరెంజ్ పత్తి గడ్డ దగ్గర పది నిమిషాలు నిలబడి పరిగెత్తేవి ఏమైనా ఉన్నాయేమో చూడండి, జామ ఆకు అడుగు, దానిమ్మ బెజ్జం దగ్గర్నుంచి, చీమల బారు ఎక్కడికి పోతోందో, ఈ నాలుగు ఫోటోలు పెట్టండి. సీసా గుర్తు కూడా. పరిగెత్తేవి ఉంటే మాత్రం ఆ కుండీకి నీళ్ళ ధార కూడా వద్దు, చీమల్ని ఆపి రెండు వారాలు వదిలేయండి, తర్వాత మాట్లాడుకుందాం.